బాకీ పడిన జవాబులు

పట్టణ సేవల గురించి కౌన్సిలర్లు ప్రజలకు లెక్క చెప్పే సమావేశాలకు నేను కొన్నేళ్లుగా వెళ్తున్నాను. వెనక వరుసలో కూర్చుని రాసుకోవడమే నా పని. వాటిలో చాలావరకు ఒకే తీరులో సాగుతాయి. మొదటి గంటన్నర నివేదిక చదువుతారు. ఇన్ని మీటర్ల కాలువ తవ్వించాము, ఇన్ని స్తంభాలకు దీపాలు బిగించాము, ఇన్ని టన్నుల చెత్త ఎత్తించాము అంటూ అంకెలు వరుసగా వచ్చిపడతాయి. చివరి పావుగంట ప్రశ్నలకు వదులుతారు. ఆ పావుగంటలోనూ మైకు ఎవరి చేతికి అందిందన్నదాన్నిబట్టి మాట నడుస్తుంది.

నా అసంతృప్తి సమయం చాలకపోవడం గురించి కాదు. చదివిన అంకెల్లో ఎక్కువభాగం చేసిన పనికి సంబంధించినవి, అందిన సేవకు సంబంధించినవి కావు. కాలువ పొడవు గుత్తేదారు బిల్లుకు అవసరం. వాన వెలిశాక వీధిలో నీళ్లు ఎంతసేపటికి తీశాయన్నది ఆ వీధిలో ఉండేవారికి అవసరం. మొదటిదాన్ని కొలవడం సులభం కనుక నివేదికలో అదే ఉంటుంది.

తాగునీటి విషయంలో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. తలకు ఇన్ని లీటర్లు ఇస్తున్నామని రాసేటప్పుడు సాధారణంగా శుద్ధి కేంద్రం నుంచి బయలుదేరిన మొత్తం నీటిని జనాభాతో భాగిస్తారు. ఆ నీరంతా కుళాయిలదాకా చేరదు. దారిలో కారిపోయేది కొంత, అనుమతి లేని కనెక్షన్లలోకి పోయేది కొంత, పాతబడి నెమ్మదిగా తిరిగే మీటర్లు లెక్కకు ఎక్కించనిది కొంత, మంటలార్పడానికీ ఉచిత కుళాయిలకూ ఇచ్చేది కొంత. ఇవన్నీ కలిపితే వచ్చేదాన్ని ఆదాయం రాని నీరు అంటారు. భారత పట్టణాభివృద్ధి మంత్రిత్వ శాఖ 2008లో ప్రకటించిన సేవా ప్రమాణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు, 24 గంటల సరఫరా అనేవి లక్ష్యాలు. ఆదాయం రాని నీరు 20 శాతానికి మించరాదన్నది కూడా అదే పట్టికలోని లక్ష్యం. మొదటి అంకెను పెద్ద అక్షరాల్లో చూపించే నివేదికలు ఈ చివరి అంకె జోలికి అంతగా పోవు.

సగటు మరో చిక్కు. ట్యాంకుకు దగ్గరగా ఉన్న ఇళ్లలో ధార బలంగా పడుతుంది, పైపులైను చివరి ఇళ్లలో బిందె నిండేలోపే ఆగిపోతుంది; రెంటినీ కలిపి భాగిస్తే అందరికీ సరిపడా వచ్చినట్టు కాగితం మీద తేలుతుంది. ఒకసారి ఇటువంటి సగటు చదివినప్పుడు వెనకనుంచి ఒక పెద్దాయన లేచి, అర్ధరాత్రి దాటాక రెండు నుంచి నాలుగు గంటల మధ్య ప్రధాన పైపులో ప్రవాహం ఎంత ఉంటోందని అడిగారు. సభలో కొందరు నవ్వారు. కానీ ఇంజనీరు నవ్వలేదు. రాత్రింబవళ్లు నీళ్లుండే వ్యవస్థలో ఆ వేళకు వాడకం దాదాపు ఉండదు, అయినా మీటరు తిరుగుతూ ఉందంటే ఆ నీటిలో ఎక్కువ భాగం నేలలోకి పోతున్నదే. లీకేజీని అంచనా వేయడానికి ఆ రంగంలోనివారు చూసేది సరిగ్గా ఆ అంకెనే. ఆ ఒక్క ప్రశ్నతో సభ సగటును వదిలి పైపుల వయసు గురించి మాట్లాడడం మొదలుపెట్టింది.

వీధి దీపాల సంగతీ ఇంతే. పదివేల దీపాల్లో రెండువందలు మాత్రమే వెలగడం లేదని చెబితే ఊరట కలుగుతుంది, కానీ ఆ రెండువందలూ ఒకే దారి వెంట వరుసగా ఉంటే ఆ దారిన నడిచేవారికి ఊరంతా చీకటే. చెత్తకు ఎత్తిన టన్నులు చెబుతారు, తడి, పొడి అని వేరుచేసిన టన్నులు అడిగితేగాని చెప్పరు. ఫిర్యాదుల పట్టికలో ‘పరిష్కరించబడినవి’ అనే గడి ఒకటి ఉంటుంది. ఫిర్యాదు మూసేసింది ఎవరు, మూసేముందు ఫిర్యాదుదారును అడిగారా అన్న గడి ఉండదు.

ఇక జవాబుల తీరు. అన్నింటికంటే తరచుగా వినబడేది ‘అది మా పరిధిలోకి రాదు’ అన్న మాట. ఇది చాలాసార్లు నిజమే. ఒకే వీధిలో రోడ్డు ఒక శాఖది, కరెంటు స్తంభం మరొక సంస్థది, కాలువ పురపాలక సంఘానిది అయి ఉండవచ్చు. కౌన్సిలర్ ఉద్యోగి కాడు, వాల్వు తిప్పేదీ గొట్టం అతికేదీ ఆయన కాదు. ఆయన చేయగలిగింది అడగడం, తీర్మానం పెట్టించడం, బడ్జెట్టులో పద్దు చూపించడం, వెంటపడడం. కనుక పరిధిలో లేదన్న మాటతో ఆగిపోతే అది సగం జవాబే. ఎవరి పరిధిలో ఉంది, వారికి ఏ తేదీన ఉత్తరం రాశారు, వారేమన్నారు అన్న మూడూ చెబితే, పని కాకపోయినా అడిగినవాడు ఏదో ఒకటి తెలుసుకుని ఇంటికి వెళ్తాడు.

ఆవేశంగా చెప్పే జవాబు కంటే ‘ప్రస్తుతం నా దగ్గర వివరం లేదు, ఫలానా తేదీలోగా చెబుతాను’ అనే జవాబుకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. దానికి ధైర్యం కావాలి, ఎందుకంటే సభలో అది ఓటమిలా కనబడుతుంది. ఆ భయంతోనే కొందరు అప్పటికప్పుడు నోటికొచ్చిన అంకె చెప్పేస్తారు, ఆ అంకె మినిట్స్‌లోకి, అంటే సమావేశపు రాతపూర్వక నమోదులోకి ఎక్కుతుంది, ఆరు నెలల తర్వాత ఎవరో దాన్ని పట్టుకుని నిలదీస్తారు.

అడిగేవారి వైపు లోపాలూ లేకపోలేదు. ‘మమ్మల్ని ఎందుకు పట్టించుకోరు?’ అన్న ప్రశ్నకు ప్రసంగం తప్ప జవాబు రాదు. ‘గత నెలలో మా వీధికి ఎన్ని రోజులు నీళ్లు వదిలినట్టు మీ రిజిస్టరులో ఉంది?’ అని అడిగితే ప్రసంగానికి చోటుండదు. తన ఇంటి ముందు గుంత గురించి అడగడం స్వార్థమని కొందరు చులకన చేస్తారు. నేను ఒప్పుకోను, గుంతను మొదట చూసేది ఆ ఇంటివాడే. అయితే చోటు, తేదీ, అంతకుముందు ఇచ్చిన ఫిర్యాదు నంబరు చెబితే ఆ గుంత వ్యక్తిగత గోడు స్థాయి దాటి నమోదైన విషయం అవుతుంది.

ఇటువంటి సభల్లో కూర్చునే హక్కు కూడా అన్నిచోట్లా మొదటినుంచీ ఉన్నది కాదు. బ్రిటన్‌లో స్థానిక సంస్థల సమావేశాలకు పత్రికలవారినీ ప్రజలనూ రానివ్వాలన్న చట్టం 1960లో వచ్చింది. ఆ బిల్లును ప్రతిపాదించినది అప్పుడే కొత్తగా పార్లమెంటులో అడుగుపెట్టిన, తర్వాత ఆ దేశ ప్రధాని అయిన మార్గరెట్ థాచర్. మన రాజ్యాంగంలో 74వ సవరణ ద్వారా చేరిన 243ఎస్ అధికరణం మూడు లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న పురపాలక సంఘాల్లో వార్డు కమిటీలు ఉండాలంటుంది. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే నగరం 1989లో ప్రారంభించిన భాగస్వామ్య బడ్జెట్టు పద్ధతి నాకు ఇంకా దగ్గరగా తోస్తుంది. అక్కడ ఏటా బహిరంగ సభల్లో కొత్త పనులు కోరుకోవడానికి ముందు, నిరుడు ఒప్పుకున్న పనుల్లో ఏవి అయ్యాయో ఏవి కాలేదో నగర యంత్రాంగం ప్రజలకు చెప్పుకునేది. పాత లెక్క తేలాకే కొత్త కోరిక.

ఈ వరుసను ఎవరూ చెప్పకుండానే పాటించిన ఒక కౌన్సిలర్‌ను నేను చూశాను. ఆమె దగ్గర అట్టలు నలిగిన పొడవాటి నోటుపుస్తకం ఉండేది. ప్రతి ప్రశ్నకూ వరుస నంబరు వేసి, పక్కన అడిగిన తేదీ, చివరి గడిలో జవాబిచ్చిన తేదీ రాసేవారు. సమావేశం మొదలుకాగానే నివేదిక జోలికి పోకుండా, చివరి గడి ఖాళీగా ఉన్న ప్రశ్నలను ముందు చదివేవారు. మొదట్లో అది విసుగనిపించేది, ఎందుకంటే చదివినవే మళ్లీ చదవవలసి వచ్చేది. కొన్నాళ్లకు అధికారులు ఆ పది నిమిషాల కోసమే కాగితాలు సిద్ధం చేసుకుని రావడం గమనించాను. తమ శాఖ పేరు వరుసగా మూడు సమావేశాల్లో బాకీదారుగా వినబడడం ఎవరికీ ఇష్టం ఉండదు కదా.

నేను చివరిసారి వెళ్లినప్పుడు ఆ పుస్తకంలో తొమ్మిది ఖాళీ గడులున్నాయి. వాటిలో ఒకటి నాదే. పాఠశాల పక్క కాలువపై పగిలిన పలకను మార్చేదెప్పుడని అడిగిన ప్రశ్న. ఆమె దాన్ని నాలుగోసారి చదివారు, ఇంజనీరు లేచి పలక పోత పోశారని, ఇంకా ఆరుతోందని, వచ్చే మంగళవారం బిగిస్తారని చెప్పారు. ఆమె పెన్నుతో మంగళవారం తేదీ వేసుకున్నారు, చివరి గడిని మాత్రం ఖాళీగానే ఉంచి తర్వాతి నంబరు చదివారు.