నాగావళి వెంట నడవాలంటే మాఘమే

కాళ్ళకు ఇంకా ఆముదం రాస్తూనే ఉన్నాను గానీ మొక్కు మాత్రం తీరిపోయింది. నాగావళి ఒడ్డున బలరాముడు ప్రతిష్ఠించిన అయిదు లింగాలనూ చూసి వచ్చాం, నేనూ మా వదినా. శ్రావణంలో మా అమ్మాయికి నెలలు నిండకుండానే కాన్పు అయింది. పిల్లవాడిని విశాఖపట్నంలో గాజుపెట్టెలో పెట్టారు. గుప్పెడంత పిల్లవాడు, ఒంటి నిండా గొట్టాలు. వీడు క్షేమంగా ఇంటికి వస్తే చెప్పులు లేకుండా నడిచి నీ అయిదు చోట్లకూ వస్తాను తండ్రీ అని అద్దం ఇవతల నిలబడి మొక్కుకున్నాను. దసరా నాటికి వచ్చేశాడు. ఇప్పుడు రాత్రంతా ఇంటిల్లిపాదినీ మేలుకోబెడుతున్నాడు.

ఏ నెలలో నడవాలన్నదే మా ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. వదిన కార్తీకమంది. శివుడి మాసం, పైగా మొక్కు నాన్చకూడదు అని ఆవిడ వాదన. మా వారు శివరాత్రి అన్నారు. ఆ రోజున కారు కట్టించుకుంటే అయిదు గుళ్ళూ ఒక్క పూటలో తిరిగి రావచ్చట. నేను మొక్కుకున్నది నడుస్తానని, కారులో తిరుగుతానని కాదు. ఆ మాట ఆయనకు నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది.

కార్తీకం సంగతి వదినకు తెలియనిది కాదు. దసరా దగ్గర పడిందంటే మా వైపు అందరి చూపూ సముద్రం మీదే ఉంటుంది. 2014లో అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను, 2018లో అక్టోబరు 11న తిత్లీ తుపాను. తిత్లీకి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరితోటలు ఎలా నేలకొరిగాయో కళ్ళారా చూసినవాళ్ళం. కార్తీకం వచ్చినా వాయుగుండాల బెడద తీరదు. ఇక్కడ చినుకు లేకపోయినా, ఒడిశా కొండల్లో గట్టిగా కురిస్తే చాలు, ఎండ కాస్తుండగానే నాగావళి పొంగుతుంది. చేలల్లో వరి నిలబడి ఉంటుంది, గట్లన్నీ బురద. ఏటి వెంట నడవాలనుకునేవాళ్ళు ముందు ఏటి నెలలు చూసుకోవాలి, పంచాంగం ఆ తరువాత.

పుష్యానికి పూసంత వేసవి అంటారు గానీ తెల్లవారుజామున ఏటి మీది నుంచి లేచే మంచులో ఎదుటి లారీ కనిపించదు. అది శూన్యమాసమని వదిన ఎలాగూ ఒప్పుకోదు. అదీగాక సంక్రాంతికి హైదరాబాదు నుంచీ చెన్నై నుంచీ పిల్లలందరూ వచ్చి ఉంటారు. ఏ ఊళ్ళోనైనా మన చాప పరుచుకోవడానికి అరుగు మీద చోటుండదు. చైత్ర వైశాఖాల్లో తారు రోడ్డు మీద వట్టి కాళ్ళతో నడవమని పగవాడికి కూడా చెప్పను. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా వరదలు. అన్నీ తీసేయగా నాకు మిగిలింది రథసప్తమికీ శివరాత్రికీ నడుమ ఉన్న మాఘం. నూర్పులు అయిపోయి ఉంటాయి. వరి కోసిన మళ్ళలో మినుము, పెసర పచ్చగా ఉంటాయి. ఏరు తగ్గి ఇసుక తిన్నెలు బయటపడతాయి. పౌర్ణమి దగ్గర పడుతుంది కాబట్టి రాత్రి కాస్త చీకటి పడ్డా దారి తెలుస్తుంది. భీష్మ ఏకాదశి వెళ్ళాక బయలుదేరాం.

ఎటు నుంచి ఎటు నడవాలన్నది రెండో తగువు. పాయకపాడు, గుంప, సంగాం, శ్రీకాకుళం, కళ్ళేపల్లి అని నది దిగివచ్చే వరుసలోనే వెళ్ళాలంది వదిన. అలా వెళితే పొద్దున్నే సూర్యుడు సరిగ్గా కళ్ళలోకి కొడతాడు. సముద్రం నుంచి ఎగువకు నడిస్తే ఎండ వీపున ఉంటుంది. బలరాముడు నాగలి పట్టుకుని నడిచాడు, నేను మోకాళ్ళు పట్టుకుని నడవాలి వదినా అంటే నవ్వేసి సరేనంది.

కళ్ళేపల్లిలో మణినాగేశ్వరుడికి దణ్ణం పెట్టుకుని, నది సముద్రంలో కలిసే చోట నాలుగు చెంబులు నెత్తిన పోసుకుని మొదలుపెట్టాం. మొదటి రోజు హాయిగా సాగింది. శ్రీకాకుళం చేరిన రోజే అసలు పరీక్ష, ఎందుకంటే అది మాఘ ఆదివారం. ఊళ్ళోకి వచ్చి అరసవల్లి స్వామికి మొహం చూపించకుండా ఎలా పోతాం? ఆదివారం అరసవల్లి అంటేనే జనం, మాఘ ఆదివారమైతే ఇక చెప్పనక్కర్లేదు. ఇంద్ర పుష్కరిణి దగ్గర పిడకల మీద పరమాన్నాలు పొంగుతున్నాయి, పొగకు కళ్ళు మండుతున్నాయి. వరుసలో నా వెనకాల ఒకాయన మోచేతితో పొడుస్తూనే నోటితో ఆదిత్య హృదయం చదువుతున్నాడు. నా పాదాన్ని ఎన్ని బూట్లు తొక్కాయో లెక్కలేదు. గుడి వరుసలోకి బూట్లతో ఎందుకు వస్తారో నాకు ఈ జన్మకు అర్థం కాదు. గర్భగుడి ఎదుటికి వెళ్ళేసరికి పక్కావిడ కొప్పు అడ్డం వచ్చింది. ఆ కొప్పు తప్పుకున్న క్షణంలో నల్లని స్వామి, చేతుల్లో పద్మాలు, అంతే, మళ్ళీ జనం. మార్చిలోనూ అక్టోబరులోనూ కిరణాలు పాదాలను తాకే రోజుల్లో వచ్చేవాళ్ళకు ఇంకెంత తొక్కిసలాటో!

అక్కడి నుంచి ఉమారుద్ర కోటేశ్వరుడి గుడికి వెళ్ళేసరికి ప్రాణం లేచి వచ్చింది. వేళ కాని వేళ వచ్చాడని నందీశ్వరుడు ఇంద్రుడంతటివాడినే తన్నింది ఇక్కడే కదా. మన వేళ బాగుంది, నంది ఏమీ అనలేదు అంది వదిన.

పొందూరు, రాజాం మీదుగా సంగాం వైపు సాగిన దారి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఆరింటికి లేచి పది దాకా నడవడం, చింతచెట్టో మర్రిచెట్టో చూసుకుని పడుకోవడం, నాలుగు దాటాక మళ్ళీ కదలడం. మాఘంలో కూడా పదకొండు కొట్టేసరికి తారు చురుక్కుమంటుంది. రోడ్డు వదిలి పొలం గట్టెక్కితే మంచు తడికి పాదం చల్లబడుతుంది. ఈ నెలలో ఒక్కటే చికాకు, చెరకు బళ్ళు. గానుగ కాలం కాబట్టి ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి, మనిషి ఎత్తుకు రెండింతలు చెరకు నింపుకుని, పాటలు మోగించుకుంటూ పోతాయి. ఒకచోట రోడ్డు కొత్తగా వేస్తున్నారు. కంకర పిక్క పరిచారు గానీ రోలరు ఇంకా తిప్పలేదు. ఆ ముక్క దాటడానికి పట్టినంత సేపు నాకు ఎక్కడా పట్టలేదు. ఎడమ అరికాలు చీలింది. మనవడి పేరు తలుచుకుంటూ నడిచానని చెబితే అందంగా ఉంటుంది గానీ, నిజానికి ఆ గుత్తేదారును తిట్టుకుంటూనే నడిచాను.

సంగాంలో ఆ కష్టమంతా మరిచిపోయాను. నాగావళి, సువర్ణముఖి, వేగావతి కలిసే చోటు. ఏళ్ళ కిందట శివరాత్రికి బస్సులో వచ్చినప్పుడు నాకు ఇక్కడ కనబడింది జనమే. సంగమేశ్వరుడి మీద విభూతి గీత ఒకటి కనిపించిందో లేదో, వెనక నుంచి నెట్టేశారు. ఈసారి గుళ్ళో అర్చకుడూ మేమిద్దరమూ తప్ప ఎవరూ లేరు. మోకాలి లోతు నీళ్ళలో దిగి స్నానం చేశాం. అడుగున ఇసుక రేణువులు కనబడేంత తేటగా ఉంది నీరు. నేను తెచ్చిన మారేడు దళాలు అర్చకుడు ఒక్కొక్కటే వేస్తుంటే ఒక్కొక్కటే చూశాను. ఎంతసేపు కూర్చున్నా లేవమనేవాళ్ళు లేరు. 2022లో జిల్లాలు విడగొట్టాక సంగాం విజయనగరంలోకి వెళ్ళింది, గుంప పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది. మన రాష్ట్రం వరకు చూస్తే అదివరకు రెండు జిల్లాల ఏరు ఇప్పుడు మూడు జిల్లాల ఏరైంది.

తోటపల్లి దాటిన సాయంత్రం జరిగింది మాత్రం వివరంగా చెప్పాలి. చంద్రుడు పైకి వచ్చేశాడు, మరో ఊరు నడుద్దామని ఇద్దరం ఉత్సాహంగా ఉన్నాం. ఒక పల్లె చివర ఒకాయన, అరవై ఏళ్ళుంటాయి, తలకు తువ్వాలు చుట్టుకుని చేతిలో టార్చి పట్టుకుని రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు.

“ఎక్కడికి తల్లీ?”

“గుంపకు బాబూ, మొక్కు.”

“ఈ రాత్రికి గుంప లేదు, ఏమీ లేదు. ఏనుగులు దిగాయి. చెరకులో ఉన్నాయి.”

ఒడిశా నుంచి వచ్చిన ఏనుగులు ఈ మండలాల్లో తిరుగుతున్నాయని పేపర్లో చదువుతూనే ఉంటాం. కొమరాడ, జియ్యమ్మవలస, గరుగుబిల్లి అని ఊళ్ళ పేర్లు కూడా వస్తుంటాయి. చదవడం వేరు, అర కిలోమీటరు దూరంలో చెరకు పటపటమని విరుగుతుంటే వినడం వేరు. మాఘంలో నడకకు ఏయే సౌకర్యాలున్నాయో ఏరి ఏరి లెక్క వేసిన నాకు, కోతకు వచ్చిన చెరకు ఏనుగుకు కూడా సౌకర్యమేనన్న సంగతి తట్టనే లేదు. వదిన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆయన మమ్మల్ని ఇంటికి తీసుకుపోయాడు. పెంకుటిల్లు, ఎత్తు అరుగు. ఆయన భార్య మా పేర్లు అడగలేదు, కులం అడగలేదు, ముందు నా కాలు చూసింది. గోరువెచ్చని నీళ్ళలో పసుపు వేసి, పాదం తన ఒళ్ళో పెట్టుకుని, చీలికలో ఇరుక్కున్న పిక్క ముక్కను పిన్నీసుతో తీసింది. వద్దమ్మా, నా కాలు మీరు పట్టుకోవడమేమిటి అంటే, “నడిచి వెళ్ళేవాళ్ళ కాళ్ళు పట్టుకుంటే మాకూ కాస్త పుణ్యం రాదా?” అని ఆముదం వెచ్చచేసి రాసి పాత చీర ముక్కతో కట్టింది. ఆ రాత్రి ఊళ్ళో ఎవరూ సరిగా నిద్రపోలేదు. అటవీశాఖ ట్రాకర్లు అటూ ఇటూ తిరుగుతూ కేకలు వేస్తున్నారు, దూరంగా డబ్బాలు మోగుతున్నాయి. ఆ ఇంటాయనకు అటువైపు ఎకరం చెరకు ఉందట. పోయిందో ఉందో తెల్లారితే గానీ తెలియదు. అయినా మధ్యమధ్య వచ్చి, చలేస్తోందా తల్లీ, దుప్పటి చాలిందా అని మమ్మల్నే అడిగి వెళుతున్నాడు.

తెల్లారాక ఎండ బాగా ఎక్కేదాకా కదలనివ్వలేదు. చోడి అంబలిలో మజ్జిగ పోసి, ఉల్లిపాయతో ఇచ్చింది ఆవిడ. ఆయన పొలం నుంచి తిరిగి వచ్చాడు. పక్కవాళ్ళ చెరకు నేలమట్టమైందట, ఈయనది ఒక పక్క తొక్కాయట. “పోనీలెండి, వినాయకుడు తిన్నాడనుకుంటాను” అన్నాడు గానీ ముఖం అలా లేదు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. మా కోసం కూడా గుంపలో ఒక దీపం పెట్టండి అన్నారు, అంతే.

నాగావళిలో జంఝావతి కలిసే చోట గుంప సోమేశ్వరుడు. మేము వెళ్ళేసరికి అర్చకుడు తలుపులు వేయబోతున్నాడు. నా కట్టు కాలు చూసి ఆగి, మళ్ళీ హారతి వెలిగించాడు. ఆ వెలుగులో లింగం మీది అభిషేకం నీళ్ళు ఇంకా జారుతున్నాయి. అడగాల్సినవి ఎన్నో అనుకుని వచ్చాను, ఒక్కటీ నోటికి రాలేదు. మూడు దీపాలు పెట్టాను. మనవడికి ఒకటి, ఆ అరుగు ఇంటివాళ్ళకు ఒకటి, వాళ్ళ చెరకుకు ఒకటి. వదిన ఏనుగులకు కూడా ఒకటి పెట్టింది. అడిగితే, వాటికి మాత్రం ఇల్లెక్కడుంది అంది.

అయిదోదైన పాయకపాడు ఒడిశాలో ఉంది, అక్కడికి ఎగువ దారి కొండల్లోంచి పోతుంది. నడిచి వెళ్ళవద్దని గుంపలో అందరూ ఒకటే మాటగా చెప్పారు. పార్వతీపురంలో రాయగడ రైలెక్కి, అక్కడి నుంచి ఆటోలో వెళ్ళి పాతాళేశ్వరుడిని చూశాం. రైలెక్కితే మొక్కు చెల్లినట్టేనా అని వదినకు ఇప్పటికీ అనుమానం. ఏనుగు కాళ్ళ కింద పడి తీర్చాల్సినంత మొక్కు ఏ శివుడూ అడగడని నా నమ్మకం.

తిరుగు రైలులో కూర్చునే చోటు కూడా దొరకలేదు. ఆ రద్దీలో తలుపు దగ్గర నిలబడే వదిన అప్పుడే కొత్త మాట ఎత్తింది, శివరాత్రి వెళ్ళగానే శ్రీముఖలింగంలో చక్రతీర్థ స్నానాలట, వంశధారకు నడిచి వెళదామట. ఆ జనంలోకి నేను రానని అక్కడే చెప్పేశాను. కావాలంటే వచ్చే మాఘంలో, శివరాత్రికి పదిరోజుల ముందు, ముందుగా ఆ ఊళ్ళవాళ్ళకు ఫోను చేసి ఏనుగులెటున్నాయో కనుక్కుని వెళదాం అన్నాను.