లొకేటర్ కొనబోయే కాంట్రాక్టర్లకు

లొకేటర్ అంటే నేల కింద కేబుళ్లు, పైపులు ఎక్కడ, ఎంత లోతున ఉన్నాయో కనిపెట్టే మిషన్. కొనాలనుకునే వాళ్లు ముందు బ్రోచర్‌లో లోతు అంకె చూస్తారు. "మూడు శాతమే తేడా అంట కదన్నా" అంటారు. అంకె నిజమే. కానీ అది చుట్టుపక్కల ఇంకేమీ లేని ఒంటరి లైను మీద తేల్చింది. హైదరాబాద్ ఫుట్‌పాత్ కింద అలాంటి లైను ఎక్కడుంది? హెచ్‌టీ కేబుల్, ఎల్‌టీ కేబుల్, మంచినీళ్ల పైపు, వాటి మధ్యలోంచి ఫైబర్ డక్టులు.

లొకేటర్‌కు పైపు కనపడదు. లైనులో పారే కరెంటు చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రాన్నే అది పట్టుకుంటుంది. కింద ఒక యాంటెన్నా, పైన ఒకటి. రెండింటికీ అందిన సిగ్నల్‌ను పోల్చి లోతు లెక్కగడుతుంది. పక్క కేబుల్‌లోకి కూడా సిగ్నల్ పాకితే ఆ లెక్క చెడిపోతుంది. అందుకే నా దృష్టిలో పీక్ (లైను పైన సిగ్నల్ బాగా పెరిగేది), నల్ (లైను పైన సిగ్నల్ పడిపోయేది) రెండు మోడ్‌లూ లేని మిషన్ కొనదగ్గది కాదు. రెండూ ఒకే చోట ఆగితే ధైర్యం. జానెడు ఎడంగా ఆగాయంటే ఆ లోతు రాసుకోను. ఇంకో పరీక్ష కూడా ఉంది. మిషన్‌ను నేల మీంచి అర మీటరు పైకెత్తండి, లోతు కూడా సరిగ్గా అర మీటరు పెరగాలి.

చేత్తో తిప్పే రిసీవర్ గురించి అందరూ అడుగుతారు, లైనులోకి సిగ్నల్ పంపే ట్రాన్స్‌మిటర్ గురించి ఎవరూ అడగరు. నాకు బాధ కలిగించేది ఇదే. పాత పోత ఇనుప పైపుల్లో సీసం పోసిన జాయింట్లుంటాయి, తక్కువ ఫ్రీక్వెన్సీ హాయిగా పోతుంది. ఇప్పుడు వేసే డీఐ (డక్టైల్ ఐరన్) పైపుల్లో రబ్బరు రింగులు. 512 హెర్ట్జ్ అక్కడే ఆగిపోతుంది, 33 లేదా 65 కిలోహెర్ట్జ్ పెడితేనే జాయింటు దాటుతుంది. కానీ ఎంత ఎక్కువ పెడితే అంతగా పక్క లైన్లకు అంటుకుంటుంది. కాబట్టి ఫ్రీక్వెన్సీ మార్చుకునే వీలు ఉండాలి, 1 వాటుతో సరిపెట్టుకోకుండా 5 లేదా 10 వాట్లది తీసుకోవాలి.

ట్రేసర్ వైరు (పైపుతోపాటు వేసే లోహపు తీగ) లేని పీవీసీ, హెచ్‌డీపీఈ పైపులకు లొకేటర్ పనికిరాదు, జీపీఆర్, అంటే నేలలోకి రేడియో తరంగాలు పంపే రాడార్, కావాలి. అది మట్టిని బట్టి పనిచేస్తుంది. ఎండిన మొరంలో బాగా చూపిస్తుంది, బండరాయి కూడా స్క్రీను మీద పైపులాగే వంపు గీస్తుంది కాబట్టి కన్ను అలవాటుపడాలి. గుంటూరు వైపు తడిసిన నల్లరేగడి మాత్రం తరంగాన్ని మింగేస్తుంది, ఎంత ఖరీదైన జీపీఆర్‌కైనా అంతే. వేగం సెట్టింగ్ కూడా సరిచూసుకోవాలి. మట్టిలో తరంగం నానోసెకనుకు 0.08 మీటర్లు పోతుంటే మీరు 0.1 అని పెట్టారనుకోండి, మీటరు లోతు పైపు మీటరుంబావు కింద ఉన్నట్టు చూపిస్తుంది. బ్రిటన్‌లో భూగర్భ లైన్ల సర్వేకు ఉన్న పాస్ 128 ప్రమాణం జీపీఆర్, లొకేటర్ రెండూ కలిసి పట్టిన లైనుకు కూడా 15 శాతం తేడా ఒప్పుకుంటుంది. తవ్వి కళ్లతో చూసినదానికే పై తరగతి ఇస్తుంది.

ఇక మన్నిక. ఐపీ65 ఉంటే దుమ్ముకు, నీటి జల్లుకు భయం లేదు. నేను చూసినంతలో మిషన్ బాడీ చెడిపోయేది తక్కువ. ముందు పోయేవి క్రొకడైల్ క్లిప్పులు, లీడ్ వైరు, తుప్పు పట్టిన బ్యాటరీ కాంటాక్టులు. జీపీఆర్‌లో అయితే దూరం కొలిచే చక్రం, యాంటెన్నా కేబుల్, కింద అరిగే ప్లేటు. ఇవి ఇక్కడే దొరుకుతాయా, ఏటేటా కాలిబ్రేషన్ ఎక్కడ చేస్తారు అని డీలర్‌ను కొనేముందే అడగండి. మిషన్ విదేశం వెళ్లి రావాలంటే సీజను పోతుంది. మే ఎండలో స్క్రీను చదవగలుగుతున్నారో లేదో కూడా షోరూంలో కాదు, రోడ్డు మీద చూడండి.

2023లో వచ్చిన 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్‌లో తవ్వకం సంగతి ముందే నమోదు చేస్తే లైను యజమానులకు తెలుస్తుంది. అది చేసినా లొకేటర్ తిప్పాల్సిందే. డబ్బు కొద్దిగానే ఉంటే మంచి ట్రాన్స్‌మిటర్ ఉన్న లొకేటర్ కొనండి, జీపీఆర్ రోజు కిరాయికి తెచ్చుకోండి. జేసీబీ అతను "ఎంత లోతున్నది సారూ?" అని అడిగితే అంకె చెప్పే ముందు గడ్డపార, పారతో ఒక ట్రయల్ పిట్ తీయించండి.