అణకువ ఆడపిల్లకేనా?

నెల్లూరు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా మా అత్తగారు తప్పకుండా అంటారు, "పిల్లకి కాస్త అణకువ నేర్పమ్మాయ్" అని. అబ్బాయి విషయంలో ఆ మాటే రాదు. వాడికి "బాగా చదువుకో నాన్నా" చాలు. ఇక్కడ చెన్నైలో పక్కింటి పాట్టి (బామ్మ) కూడా తక్కువేం కాదు. అమ్మాయి మెట్లు దూకుతూ దిగితే "అడక్క ఒడుక్కమా ఇరుమ్మా" అంటుంది, అంటే అణిగిమణిగి ఉండమ్మా అని.

తమిళంలో అడంగు, మనకి అణగు. రెండింటికీ వేరు ఒకటే. వాళ్లకి అడక్కం అయింది, మనకి అణకువ అయింది. చిక్కేమిటంటే మన అణచడం, అణగదొక్కడం కూడా ఆ కుదురు నుంచి వచ్చినవే. ఆడపిల్లని అణకువగా ఉండమన్నప్పుడల్లా నాకు టెన్షన్ అందుకే.

2006 చట్టం వచ్చాక ఈ రాష్ట్రంలో ఒకటో తరగతి నుంచి దశలవారీగా తమిళం తప్పనిసరి చేశారు. కాబట్టి ఇంట్లో తెలుగు మాట్లాడే మా పిల్లలిద్దరూ తమిళ నీతి పద్యాల గ్రంథం తిరుక్కురళ్ బట్టీపడతారు. వాళ్లకి అప్పజెప్పిస్తూ నేనూ చదివాను. పదమూడో అధికారం, అంటే అధ్యాయం, పేరే అడక్కముడైమై, అంటే అణకువ కలిగి ఉండటం. 121 నుంచి 130 దాకా పది కురళ్లు, అంటే రెండేసి పాదాల పద్యాలు. ఆడపిల్లలు ఎలా కూర్చోవాలి, ఎంత మెల్లగా నవ్వాలి అన్న ఊసే లేదు. పైగా 124లో ఉన్నది 'అడంగియాన్', అణిగి ఉన్నవాడు! వాడు కొండకన్నా గొప్పగా కనిపిస్తాడట. 125 అయితే, అణకువ అందరికీ మంచిదే, డబ్బున్నవాళ్లకి మాత్రం అది ఇంకో సంపద అంటుంది. 127 ఇంకా సూటిగా ఉంటుంది: ఏది కాచుకోకపోయినా నాలుకని కాచుకో.

అంటే ఈ పాఠం ముందు మా వాడికి కావాలి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని "ఏయ్" అని పిలిచేవాడు, ఇప్పుడు "అణ్ణా" అంటున్నాడు. మెట్ల మీద దూకడానికీ దీనికీ సంబంధం లేదు, అక్కడ మోకాళ్ల భయమొక్కటే.

మావారు ఒప్పుకోరు. "ఇంటర్వ్యూల్లో అణకువ కూడు పెట్టదు" అంటారు. వచ్చిన పని వచ్చని చెప్పుకోవద్దని నేనెక్కడన్నాను? ఎదుటివాళ్ల మాట పూర్తి కానివ్వమంటున్నాను, అంతే. మా వాడు క్లాసులో చెయ్యెత్తకుండానే జవాబు అరిచేస్తున్నాడని టీచరమ్మ చెప్పింది. ప్రస్తుతం పాఠం అక్కడ నడుస్తోంది.