క్యూ పోయింది, గుమాస్తా పని మన నెత్తిన పడింది

ఇంటర్నెట్ వచ్చాక జీవితం ఎంత సులువైందో అని ఎవరైనా అంటే నాకొక సందేహం వస్తుంది. సులువైంది ఎవరికి? క్యూలు తగ్గిన మాట నిజమే. బ్యాంకులో టోకెన్ పట్టుకుని కూర్చోవడం, టికెట్ కోసం కౌంటర్ ముందు నిలబడడం, ఒక్క సర్టిఫికెట్ కోసం ఆఫీసు చుట్టూ తిరగడం చాలావరకు పోయాయి, అవి మళ్ళీ రావాలని నేనూ కోరుకోను. కానీ ఆ కౌంటర్ అవతల కూర్చున్న మనిషి చేసే పని ఎటు పోయింది? పేరు స్పెల్లింగ్ సరిచూడడం, తేదీ వేయడం, ఫోటో సైజు తగ్గించడం, రసీదు దాచడం, అదంతా ఇప్పుడు రాత్రి పనులన్నీ అయ్యాక ఫోన్ పట్టుకుని మనమే చేస్తున్నాం. జీతం లేదు. తప్పు పడితే మాత్రం "మీరే కదండీ నింపింది" అంటారు.

విమాన టికెట్లే చూడండి. విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ 2008 జూన్ 1 నుంచి కాగితం టికెట్లకు స్వస్తి చెప్పింది, దాంతో ఒక్కో టికెట్ జారీకి సంస్థలకయ్యే ఖర్చు పదో వంతుకు దిగుతుందని ఆ సంఘమే లెక్క చెప్పింది. మంచిదే. ఆ తర్వాత చెక్-ఇన్, సీటు ఎంచుకోవడం, బోర్డింగ్ పాస్, చాలాచోట్ల లగేజీ ట్యాగ్ కూడా ప్రయాణికుడి చేతికే వచ్చాయి. ఒక్కోటీ రెండు నిమిషాల పనే. అలాంటి రెండు నిమిషాలు రోజుకి ఎన్ని పోగవుతున్నాయో ఏ కంపెనీ లెక్కల పుస్తకంలోనూ ఉండదు.

మనం మనుషులమేనని నిరూపించుకోవడం కూడా మన పనే అయింది! 2007లో కంప్యూటర్ శాస్త్రవేత్త లూయిస్ వాన్ ఆన్ బృందం, వచ్చింది మనిషో యంత్రమో తేల్చే రీక్యాప్చా తెచ్చింది, వంకరటింకరగా రెండు మాటలు చూపించి టైప్ చేయమనేది, గుర్తుందా? అందులో ఒకటి యంత్రానికి ముందే తెలుసు. రెండోది స్కాన్ చేసిన పాత పత్రికల్లో, పుస్తకాల్లో కంప్యూటర్ చదవలేకపోయిన మాట. మొదటిది సరిగ్గా కొట్టామంటే రెండోదీ సరిగ్గానే చదివి ఉంటామని నమ్మి, కొంతమంది చెప్పింది కలిస్తే తీసేసుకునేది. న్యూయార్క్ టైమ్స్ పాత సంచికలు ఇలాగే డిజిటల్ అయ్యాయి. 2009లో దాన్ని గూగుల్ కొన్నది, ఆ తర్వాత వీధి ఫోటోల్లోని ఇంటి నంబర్లు కూడా మనచేత చదివించింది. ఐడియా అద్భుతం, కాదనను. కాకపోతే ఏదో లాగిన్ అయితే చాలని తొందరపడుతున్న జనంలో చాలామందికి తాము పాత పేపర్లకు ప్రూఫ్‌రీడింగ్ చేస్తున్నామని తెలియదు.

ఇక పాస్‌వర్డ్‌లు. 1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఒకే కంప్యూటర్‌ని చాలామంది పంచుకునే రోజుల్లో, ఎవరి ఫైళ్ళు వాళ్ళకే ఉండాలని ఫెర్నాండో కోర్బటో బృందం వాటిని పెట్టింది. ఇప్పుడు ప్రతి సైటుకీ ఒకటి. పెద్దక్షరం, అంకె, గుర్తు ఉండాలి, తరచూ మార్చాలి అనే నియమాలు 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో బిల్ బర్ రాసిన పత్రంతో పాకిపోయాయి. 2017లో ఆయనే, అందులో చాలా భాగానికి ఇప్పుడు చింతిస్తున్నానని ఒక పత్రికకు చెప్పాడు. కారణం లేకుండా ఊరికే మార్పించొద్దని అదే ఏడాది నిస్ట్ కూడా తేల్చింది. అయినా ఇప్పటికీ గడువు పెట్టి మార్పించే ఆఫీసులున్నాయి, జనం చివర ఉన్న 1ని 2 చేసి చేతులు దులుపుకుంటున్నారు.

ఈ గుమాస్తాగిరీ అందరికీ చేతకాదు కాబట్టి ప్రతి ఇంట్లో ఒకరి మీద పడుతుంది. ఫారం కూతురి దగ్గర, ఫోన్ తండ్రి దగ్గర, ఇద్దరూ వేరే వేరే ఊళ్ళలో. "నాన్నా, ఓటీపీ వచ్చిందా, చెప్పు, త్వరగా, టైమ్ అయిపోతోంది" అని ఒకటే టెన్షన్. అదే మెసేజ్ కింద "ఈ నంబరు ఎవరికీ చెప్పకండి" అని ఉంటుంది. పాపం ఆయన ఏ మాట వినాలి?

కదలలేని వాళ్ళకి, చూపు లేని వాళ్ళకి ఆన్‌లైన్ నిజంగా పెద్ద మేలు, సైటు సరిగ్గా కట్టి ఉంటే. అలా కట్టడానికి వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ డబ్ల్యూ3సీ 1999లోనే మార్గదర్శకాలిచ్చింది, పాటించని సైట్లు ఇంకా కోకొల్లలు.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది ఫారంలో ఇంటిపేరు లాంటి గడి పక్కన, తప్పక నింపాలని పెట్టే ఆ ఎర్ర చుక్క గుర్తు. లోకంలో ఇంటిపేరే లేని మనుషులు ఎంతోమంది ఉన్నారు, ఒక్క పేరే వాళ్ళది. కౌంటర్ దగ్గర మనిషి ఉంటే "అక్కడ గీత పెట్టేయండి" అనేవాడు, పని అయిపోయేది. ఫారం ఒప్పుకోదు, గీత పెడితే అది పేరు కాదంటుంది, పేరే రెండుసార్లు రాస్తే రేపు ఇంకో కార్డుతో కలవదు. ఆన్‌లైన్ వద్దని నేననడం లేదు. ప్రతి సేవకీ ఒక ఫోన్ నంబరు, దాని అవతల సరిదిద్దే అధికారం ఉన్న ఒక మనిషి ఉండాలి, ఆ నంబరు మొదటి పేజీలోనే కనపడాలి.