పాత సీపీయూలో కొత్త గ్రాఫిక్స్ కార్డు: తెర నల్లగా ఉంటే ఎక్కడ వెతకాలి

ఆఫీసులు వదిలించుకున్న డెల్ ఆప్టిప్లెక్స్ 7010, 9020, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ 800 జీ1 లాంటి డెస్క్‌టాప్‌లు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనూ ఆన్‌లైన్‌లోనూ చవగ్గా దొరుకుతాయి. మూడో తరమో నాలుగో తరమో ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. దానికో గ్రాఫిక్స్ కార్డు తగిలిస్తే గేములు ఆడుకోవచ్చు, వీడియో ఎడిటింగ్ చేసుకోవచ్చు అన్న లెక్క తప్పేం కాదు. తీరా కార్డు పెట్టి స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, మానిటర్ మాత్రం "నో సిగ్నల్" అంటుంది. కార్డు అమ్మినవాళ్లు బోర్డు పాతదంటారు, సీపీయూ అమ్మినవాళ్లు కార్డు పోయిందంటారు. చాలాసార్లు రెండూ బాగానే ఉంటాయి.

మొదట తేల్చుకోవాల్సింది బొమ్మ ఎప్పుడు ఆగిపోతోందన్నది. కంపెనీ లోగో కూడా రాకపోతే విండోస్‌కీ డ్రైవర్‌కీ అందులో పాత్రే లేదు, అవి ఇంకా లేవనే లేవలేదు. కేబుల్, స్లాట్ (బోర్డు మీద కార్డు దిగే గాడి), కరెంటు, బయోస్ (స్విచ్ వేయగానే మిషన్‌ని లేపే, బోర్డులోని ప్రోగ్రామ్), ఈ నాలుగే చూడాలి. లోగో వచ్చి, విండోస్ చుక్కలు తిరుగుతుండగా తెర ఆరిపోతే డ్రైవర్‌ని అనుమానించాలి. డెస్క్‌టాప్ దాకా అంతా బాగుండి, గేము మొదలైన కాసేపటికి మిషన్ రీస్టార్ట్ అయితే కరెంటో వేడో. ఈ తేడా చూసుకోకుండా విండోస్‌ని ఫార్మాట్ కొట్టేవాళ్లే ఎక్కువ. లోగో రాని మిషన్‌కి ఎన్ని ఫార్మాట్లు కొట్టినా ఒరిగేదేమీ లేదు.

కేబుల్ సంగతి త్వరగా తేలుతుంది. మానిటర్ వైరు మదర్‌బోర్డు పోర్టులో కాకుండా కార్డు పోర్టులోనే ఉండాలి. కార్డు పెట్టగానే బోర్డు మీది పోర్టుని చాలా మిషన్లు వాటంతటవే ఆపేస్తాయి, అందుకే పాత పోర్టులో వదిలేసిన వైరుకి బొమ్మ రాదు. మానిటర్‌కి వీజీఏ మాత్రమే ఉంటే ఇంకో చిక్కు. ఎన్‌విడియాలో జీటీఎక్స్ 10 సిరీస్ నుంచి కార్డుల్లో అనలాగ్ సిగ్నలే లేదు. వాటి డీవీఐ పోర్టు డీవీఐ-డీ రకం. వెడల్పాటి పిన్ను చుట్టూ నాలుగు చిన్న రంధ్రాలుండవు కాబట్టి పాత డీవీఐ-వీజీఏ కనెక్టర్ అందులో దూరదు. హెచ్‌డీఎంఐ నుంచో డిస్‌ప్లేపోర్ట్ నుంచో వీజీఏకి మార్చే యాక్టివ్ కన్వర్టర్ కొనాలి. లోపల చిప్ లేని ఉత్త వైరు పనిచేయదు.

స్లాట్ దగ్గర, ముందు పవర్ వైరు పీకేసి, పవర్ బటన్‌ని 15 సెకన్లు నొక్కి పట్టి మిగిలిన ఛార్జ్ దిగనివ్వండి. క్యాబినెట్ ఇనుముని చేత్తో ఒకసారి ముట్టుకున్నాకే కార్డు పట్టుకోండి. స్లాట్ చివరి క్లిప్ "టక్" మనాలి, బంగారు రంగు కాళ్లు పైకి కనబడకూడదు. కార్డు వెనక రేకు క్యాబినెట్ అంచుకి తగిలి సగం మాత్రమే దిగడం పాత క్యాబినెట్లలో మామూలే. స్క్రూ బిగిస్తుంటే అవతలి కొస పైకి లేస్తోందేమో చూడండి. ఏళ్ల దుమ్ము పట్టిన స్లాట్‌ని మెత్తటి బ్రష్‌తో దులిపి, కార్డు కాళ్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవాలి. సన్న క్యాబినెట్ మోడల్ అయితే సగం ఎత్తు కార్డే పడుతుంది. బాక్సులో చిన్న బ్రాకెట్ ఉందో లేదో కొనేముందే అడగాలి.

బీప్‌లు వినండి. అవార్డ్ బయోస్‌లో ఒక పొడవు, రెండు పొట్టి బీప్‌లంటే డిస్‌ప్లే సమస్య. ఆ తరం డెల్ మిషన్లలో ఆరు బీప్‌లు వీడియో లోపానికి గుర్తు. రెండు బీప్‌లొస్తే అది ర్యామ్ గోల. కార్డు దించేటప్పుడు చెయ్యి తగిలి ర్యామ్ కదిలి ఉంటుంది.

అసలు తలనొప్పి బయోస్‌లో ఉంది. మిషన్ లేచేటప్పుడు తెర మీద బొమ్మ వేయాలంటే కార్డులోని చిన్న ప్రోగ్రామ్‌ని బోర్డు నడపాలి. పాత లెగసీ పద్ధతికి ఒక రకం ప్రోగ్రామ్, దాని తర్వాత వచ్చిన కొత్త తరం బయోస్ యూఈఎఫ్‌ఐకి జీఓపీ అనే ఇంకో రకం. కొన్నేళ్ల పాటు కార్డుల్లో రెండూ పెట్టారు. కొత్తవాటిలో కొన్ని లెగసీని వదిలేశాయి. ఇంటెల్ ఆర్క్ కార్డులు ఆ బాపతే. పైగా వాటికి రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి చేరుకునే సదుపాయం) ఉండాలి, ఇంటెల్ వైపు పదో తరం ప్రాసెసర్ నుంచే మద్దతు. మూడో తరం, నాలుగో తరం మిషన్‌కి ఆర్క్ ఎంత చవగ్గా వచ్చినా కొనొద్దనే నా మాట. జీ41 లాంటి ఇంకా పాత చిప్‌సెట్ ఉన్న బోర్డుల్లో మామూలుగా యూఈఎఫ్‌ఐయే ఉండదు కాబట్టి, లెగసీ వదిలేసిన కార్డు వాటిలో లోగో చూపించదు. వాటికి కొత్త కార్డు డబ్బు దండగ.

ఆప్టిప్లెక్స్ 7010లో రెండు పద్ధతులూ ఉన్నాయి. సెకండ్ హ్యాండ్‌లో అమ్మేవాళ్లు తరచుగా లెగసీలోనే విండోస్ వేసి ఇస్తారు. అలాంటప్పుడు కార్డు తీసేసి, బోర్డు పోర్టుకి మానిటర్ తగిలించి, డెల్ అయితే ఎఫ్2, హెచ్‌పీ అయితే ఎఫ్10 నొక్కి బయోస్‌లోకి వెళ్లాలి. ముందు బయోస్ వెర్షన్ చూసి, కంపెనీ సైట్‌లో ఆ మోడల్‌కి చివరిగా ఇచ్చినది ఎక్కించండి. 7010కి అది ఏ29. అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోతే బోర్డు పోయినట్టే, యూపీఎస్ లేకుండా మొదలుపెట్టొద్దు.

ఆ తర్వాత బూట్ మోడ్‌ని యూఈఎఫ్‌ఐకి మార్చడం. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. లెగసీలో వేసిన విండోస్ ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతి డిస్కు మీద ఉంటుంది, యూఈఎఫ్‌ఐకి జీపీటీ అనే కొత్త పద్ధతి కావాలి. బయోస్‌లో మోడ్ ఒక్కటే మారిస్తే "బూట్ డివైస్ లేదు" అని వస్తుంది, హార్డ్ డిస్క్ కూడా పోయిందనుకుని గుండె జారుతుంది. అందుకని మోడ్ మార్చకముందే రన్ బాక్సులో ఎంఎస్‌ఇన్ఫో32 (msinfo32) కొట్టి, బయోస్ మోడ్ దగ్గర లెగసీ అని ఉందో యూఈఎఫ్‌ఐ అని ఉందో చూడండి. లెగసీ అయితే, విండోస్ 10 1703 వెర్షన్ నుంచి లోపలే ఉన్న ఎంబీఆర్2జీపీటీ టూల్ వాడాలి. డేటా బ్యాకప్ తీసుకుని, బిట్‌లాకర్ (డిస్కుకి తాళం వేసే విండోస్ సదుపాయం) ఉంటే సస్పెండ్ చేసి, అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ టూల్‌ని అలో-ఫుల్-ఓఎస్ స్విచ్‌తో కలిపి మొదట వ్యాలిడేట్ (mbr2gpt /validate /allowFullOS), అది పాసైతే కన్వర్ట్ (mbr2gpt /convert /allowFullOS). డిస్కులో ప్రైమరీ పార్టిషన్లు మూడుకి మించినా, ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ ఉన్నా వ్యాలిడేట్ దగ్గరే ఆగిపోతుంది. డీ, ఈ డ్రైవ్‌లు విడగొట్టి ఇచ్చిన మిషన్లలో ఇది ఎదురవుతూనే ఉంటుంది. కన్వర్ట్ అయ్యాక బయోస్‌లో యూఈఎఫ్‌ఐకి మార్చి, లెగసీ ఆప్షన్ రామ్‌లు (Legacy Option ROMs) అన్న సెట్టింగ్ ఆఫ్ చేసి, ప్రైమరీ డిస్‌ప్లేని ఆటోలోనో పీఈజీలోనో (అంటే కార్డు స్లాట్) పెట్టి, మిషన్ ఆపి అప్పుడు కార్డు దించండి.

సెట్టింగులు మార్చాక కార్డుతోనూ బోర్డు పోర్టుతోనూ బొమ్మ రాకపోతే సీమాస్ (బయోస్ సెట్టింగులు దాచుకునే మెమరీ) క్లియర్ చేయాలి. పవర్ వైరు పీకి, సీఆర్2032 బ్యాటరీ తీసి, కొన్ని నిమిషాలు ఆగి పెట్టడమే. పన్నెండు పదమూడేళ్ల బోర్డులో ఆ బ్యాటరీ ఎలాగూ అడుగంటి ఉంటుంది. మీటర్ పెడితే 2.8 వోల్టుల కిందికి చూపిస్తే కొత్తది వేయండి. లేకపోతే పవర్ వైరు పీకినప్పుడల్లా పాత సెట్టింగులు తిరిగొచ్చి మళ్లీ మొదటికొస్తుంది. డిస్కుని యూఈఎఫ్‌ఐకి మార్చేశాం కాబట్టి, ఫ్యాక్టరీ సెట్టింగ్ లెగసీ అయిన బోర్డుల్లో విండోస్ కూడా లేవదు.

ఇక కరెంటు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఎక్స్16 స్లాట్ నుంచి కార్డు లాక్కోగలిగింది గరిష్ఠంగా 75 వాట్లు. అందులో 12 వోల్టుల మీద వచ్చేది 5.5 ఆంపియర్లు, అంటే 66 వాట్లు. ఆరు పిన్‌ల ప్లగ్గు ఇంకో 75, ఎనిమిది పిన్‌లది 150 ఇస్తాయి. ఆఫీసు మిషన్ల ఎస్‌ఎంపీఎస్‌లలో (మిషన్‌కి కరెంటు ఇచ్చే పెట్టెల్లో) ఈ ప్లగ్గులు సాధారణంగా ఉండవు. 7010 మినీ టవర్‌లో 275 వాట్లు, 9020 మినీ టవర్‌లో 290. ఐ5-3470కి 77 వాట్లు, ప్లగ్గు అక్కర్లేని కార్డుకి 75, మిగతా బోర్డు, డిస్కులు, ఫ్యాన్లు అన్నీ కలిపినా 275లో సరిపోతుంది. ఈ మిషన్లకి నప్పేవి జీటీఎక్స్ 1650 (75 వాట్లు), ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ (70), ఆర్‌ఎక్స్ 6400 (53), జీటీ 1030 (30). రెండు జాగ్రత్తలు: జీటీఎక్స్ 1650లోనే ఆరు పిన్‌ల ప్లగ్గున్న మోడళ్లున్నాయి. ఆర్‌టీఎక్స్ 3050 8 జీబీ పేరుకి అదే అయినా 130 వాట్ల కార్డు. బాక్సు మీద పేరు కాదు, కార్డు అంచున సాకెట్ ఉందో లేదో చూడండి. సన్న క్యాబినెట్లలో కొన్నింటి స్లాట్‌కి 75 కంటే తక్కువ పరిమితి ఉంటుంది, ఆ మోడల్ మాన్యువల్‌లో చూసుకోవాలి.

సాటా పవర్ ప్లగ్గు నుంచి ఆరు పిన్‌లకి మార్చే చవక వైరు కొనకండి. సాటా ప్లగ్గులో 12 వోల్టుల పిన్‌లు మూడు, ఒక్కోదానికి 1.5 ఆంపియర్లు, మొత్తం 54 వాట్లు. అవతల కార్డు 75 అడిగితే ప్లగ్గు ప్లాస్టిక్ కరగడం మొదలవుతుంది. పెద్ద కార్డే కావాలంటే ఎస్‌ఎంపీఎస్ మార్చడమే దారి. 7010 మినీ టవర్‌కి మామూలు 24 పిన్‌ల ప్లగ్గు కాబట్టి ఏ ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ అయినా సరిపోతుంది. 9020కి డెల్ సొంత 8 పిన్‌ల ప్లగ్గు, దానికి 24 నుంచి 8కి మార్చే వైరు వేరే కొనాలి. హెచ్‌పీ 800 జీ1 ప్లగ్గులూ దాని సొంతవే. అసెంబుల్డ్ క్యాబినెట్‌తో వచ్చిన "450 వాట్ల" ఎస్‌ఎంపీఎస్‌ని నమ్మే ముందు దాని స్టిక్కర్ మీద 12 వోల్టుల గడిలో ఆంపియర్లు చదవండి. అక్కడ 14 అని ఉంటే కార్డుకీ ప్రాసెసర్‌కీ కలిపి దొరికేది 168 వాట్లే. గేము నడుస్తుండగా మోలెక్స్ (నాలుగు పిన్‌ల పాత రకం) ప్లగ్గులో పసుపు, నలుపు తీగల మధ్య మీటర్ పెడితే 11.4 వోల్టుల కంటే కిందికి పోకూడదు.

లోగో వచ్చింది, విండోస్ లేచింది, అయినా తెర 1024 బై 768లోనే ఉందంటే డివైస్ మేనేజర్‌లో మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటుంది. డ్రైవర్ ఎక్కలేదు. విండోస్ 32 బిట్‌దా 64 బిట్‌దా ముందు చూడండి, ఎన్‌విడియా, ఏఎమ్‌డీ రెండూ 2018లోనే 32 బిట్ డ్రైవర్లు ఆపేశాయి. పాత కార్డు డ్రైవర్ మిగిలి ఉంటే ఇంటర్నెట్ పీకేసి, సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే డ్రైవర్లు తుడిచే టూల్‌తో తుడిచి, కార్డు కంపెనీ సైట్ నుంచి ముందే దించుకున్న డ్రైవర్ వేయండి. ఇంటర్నెట్ ఉంటే విండోస్ అప్‌డేట్ మధ్యలో దూరి తన దగ్గరున్నది ఎక్కించేస్తుంది. డివైస్ మేనేజర్‌లో కోడ్ 12 వస్తే కార్డు అడిగినంత మెమరీ అడ్రస్ స్థలం బోర్డు ఇవ్వలేకపోతోందని అర్థం. బయోస్‌లో అబౌ 4జీ డీకోడింగ్ ఉంటే ఆన్ చేయాలి. కోడ్ 43 శుభ్రంగా వేసిన డ్రైవర్‌తోనూ వస్తుంటే అప్పుడు కార్డునే అనుమానించాలి, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్‌ది అయితే.

ఇప్పుడు జీటీ 1030, జీటీఎక్స్ 1050 టీఐ కొనేవాళ్లకి ఒక మాట. 2025 అక్టోబర్‌తో వీటికి ఎన్‌విడియా కొత్త గేమ్ డ్రైవర్లు ఆపేసింది, ఇక వచ్చేవి సెక్యూరిటీ అప్‌డేట్లే. జీటీ 1030లో డీడీఆర్4 రకం, జీడీడీఆర్5 రకం రెండున్నాయి. మొదటిదాని మెమరీ వేగం రెండోదానిలో దాదాపు మూడో వంతు. ధరలో తేడా చూసి మోసపోవద్దు.

గేములో తెర ఒక్క క్షణం ఆరి మళ్లీ వస్తే విండోస్ చిట్టా అయిన ఈవెంట్ వ్యూయర్‌లో డిస్‌ప్లే 4101 కనబడుతుంది, అంటే డ్రైవర్ మూర్ఛపోయి లేచింది. మిషన్ మొత్తం రీస్టార్ట్ అయి కెర్నల్-పవర్ 41 మాత్రమే ఉంటే ఎస్‌ఎంపీఎస్ వైపు చూడండి.

అన్నీ బాగున్నా ఫ్రేములు రావట్లేదంటే జీపీయూ-జడ్ (కార్డు వివరాలు చూపే టూల్) తెరిచి, పీసీఐ ఎక్స్‌ప్రెస్ వెర్షన్ కనబడే బస్ ఇంటర్‌ఫేస్ గడి చూడాలి. ఖాళీగా ఉన్నప్పుడు 1.1 అని చూపించడం మామూలే. పక్కన ప్రశ్నార్థకం నొక్కి రెండర్ టెస్ట్ నడిపితే అసలు వేగం తేలుతుంది. ఆర్‌ఎక్స్ 6400కి నాలుగు లేన్లే (డేటా దారులు) ఉన్నాయి. అవి 4.0 వేగానికి లెక్కగట్టినవి. మూడో తరం ఐ5 బోర్డులో 3.0 కాబట్టి సెకనుకి సుమారు 3.9 జీబీ, రెండో తరంలో 2.0 కాబట్టి 2 జీబీ. కార్డులోని 4 జీబీ మెమరీ నిండగానే గేము ఆగి ఆగి నడిచేది ఇందుకే. టెక్స్చర్ క్వాలిటీ ఒక మెట్టు తగ్గిస్తే చాలావరకు పోతుంది. ఆర్‌ఎక్స్ 6400లో వీడియో ఎన్‌కోడర్ కూడా లేదు, స్క్రీన్ రికార్డింగ్ చేసేవాళ్లు బయోస్‌లో మల్టీ-డిస్‌ప్లే ఆన్ చేసి ఇంటెల్ ప్రాసెసర్‌లోనే ఉండే క్విక్‌సింక్ ఎన్‌కోడర్ వాడుకోవచ్చు. కార్డు వాడకం 50 శాతం దగ్గర, ప్రాసెసర్ 100 దగ్గర ఉంటే కార్డు తప్పు కాదు. ర్యామ్ ఒకే స్టిక్ ఉంటే అలాంటిదే రెండోది వేసి డ్యూయల్ ఛానల్ చేస్తే కొంత ఊపిరాడుతుంది. మూడో తరం వరకు ప్రాసెసర్లలో ఏవీఎక్స్2 అనే ఆదేశాల సమితి లేదు, అది తప్పనిసరి అన్న గేములు అసలు తెరుచుకోవు.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే కార్డుని కొత్త మిషన్‌లో ఒకసారి, వేరే పాత కార్డుని ఈ స్లాట్‌లో ఒకసారి పెట్టి చూడండి. ఆన్‌లైన్‌లో కొన్నదైతే రిటర్న్ గడువు లోపలే ఈ రెండు పరీక్షలూ చేయాలి. బాక్సు, బిల్లు, కార్డు మీది సీరియల్ నంబర్ స్టిక్కర్ చెక్కుచెదరకుండా ఉంచండి. స్టిక్కర్ చిరిగితే వారంటీకి తీసుకోరు.