నా అనుభవం: మా మేనల్లుడి హెచ్‌ఎల్‌ఏ పరీక్ష, తారుమారైన రెండు ట్యూబులు

నిన్న సాయంత్రం సరిదిద్దిన రిపోర్టు చేతికొచ్చింది. మా అక్క కొడుక్కి ఆరేళ్లు, తలసీమియా మేజర్, అంటే ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాక రక్తం ఎక్కిస్తూనే ఉండాల్సిన పుట్టు జబ్బు. వాడికీ వాళ్లక్కకీ హెచ్‌ఎల్‌ఏ, అంటే సొంత కణమేదో పరాయిదేదో ఒంటికి చెప్పే గుర్తులు, పదికి పది కలిశాయి. మూలకణ మార్పిడికి, అంటే వాళ్లక్క మూలుగ వాడికి ఎక్కించడానికి, దారి దొరికింది. నేను చిత్తూరులో రక్తపరీక్షల ల్యాబులో పదకొండేళ్లుగా పని చేస్తున్నా. మధ్యలో మూడు వారాలు ఎందుకు పోయాయో ఇంకా వేడిమీదున్నప్పుడే రాసి పెడుతున్నా.

మొదట్లో అంతా సాఫీగానే జరిగింది. తిరుపతిలో వాడికి మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించే డాక్టరమ్మే చీటీ రాసిచ్చింది. తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నూటికి 25 వంతులు. అక్కది మేనరికం, మేనత్త కొడుకునే చేసుకుంది. మేనరికం ఇళ్లలో తల్లిదండ్రులతోనో మేనమామతోనో కూడా కలవచ్చు కాబట్టి నా పేరూ చేర్చారు.

శాంపిల్ సంగతి. పెద్దవాళ్లకు ఊదామూత ఈడీటీఏ ట్యూబులో మూడు మిల్లీలీటర్లు చాలు. పచ్చమూత ట్యూబులో తీస్తే ఒప్పుకోకండి, అందులోని హెపారిన్, డీఎన్‌ఏను పెంచి చూసే పీసీఆర్ పరీక్షను అడ్డుకుంటుంది. పిల్లవాడికి పది రోజుల కిందటే రక్తం ఎక్కింది, దాతల తెల్లకణాలు కలిస్తే ఫలితం గందరగోళమవుతుంది, అందుకని బుగ్గ లోపలి స్వాబ్ తీయించాను. అంతకుముందు గంటసేపు ఏమీ తినకూడదు, రెండు బుగ్గలూ గట్టిగా రుద్దాలి, ఆరనిచ్చి కాగితం కవరులో పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో పెడితే తేమకు పాడవుతుంది.

తప్పు ఇక్కడ జరిగింది. రక్తం తీసే కలెక్షన్ సెంటర్ కుర్రాడు అక్క, బావ, పాప, నేను, మా నలుగురి రక్తం వరసగా తీసి, ట్యూబులన్నీ స్టాండులో నిలబెట్టి, లేబుళ్లు తర్వాత అంటించాడు. బావది, నాది పక్కపక్కనే ఉన్నాయి. నేను చూశాను. ఇంకొకరి పనిలో వేలు పెట్టడమెందుకని ఊరుకున్నాను. ఆ మౌనానికి మా అక్క మూల్యం చెల్లించింది.

రెండు వారాలకు రిపోర్టు వచ్చింది. హెచ్‌ఎల్‌ఏ జన్యువులు ఆరో క్రోమోజోము మీద దగ్గరదగ్గరగా ఉంటాయి. అందుకే ఏ, బీ, సీ, డీఆర్‌బీ1, డీక్యూబీ1 ఐదూ కలిసి ఒక వరసగా బిడ్డకు దిగుతాయి. తండ్రి నుంచి ఒక వరస, తల్లి నుంచి ఒక వరస, మొత్తం పది. తండ్రివి క, ఖ అనుకోండి, తల్లివి గ, ఘ. పిల్లలు క-గ, క-ఘ, ఖ-గ, ఖ-ఘ, ఈ నాలుగింటిలో ఒకటవుతారు. మా ఇద్దరు పిల్లలూ క-గ. కానీ రిపోర్టులో బావ పేరు కింద గ-చ అని ఉంది, చ అంటే ఈ నాలుగూ కాని ఇంకో వరస. క లేదు. అది నా పేరు కింద ఉంది.

కౌంటర్‌లో ఉన్నతను హెడ్డాఫీసుకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, "ఫాదర్ కలవడం లేదంట కదా సార్" అన్నాడు. ఆ తర్వాత హాలులో ఇరవై మంది చూస్తుండగా మా అక్కను అడిగాడు: "ఏమ్మా, పిల్లల నాయన ఈయనేనా? మీ తమ్ముడి రిపోర్టులో కలస్తా ఉందే?"

అక్క కూలబడిపోయింది. బావ ఏమీ మాట్లాడలేదు, పిల్లవాణ్ణి ఎత్తుకుని బయటికెళ్లి నిలబడ్డాడు. తలుపు వేసి, డాక్టరు కూర్చోబెట్టి చెప్పాల్సిన మాట అది. అంతకన్నా ముందు, అడగాల్సిన ప్రశ్నే అది కాదు. ఇలాంటి ఫలితం వస్తే మొదట శాంపిల్‌నే అనుమానించాలి. ఆడమనిషి నడతను కాదు. ఈ పనిలో ఉండి ఆ మాత్రం తెలియనివాళ్లను కౌంటర్‌లో కూర్చోబెట్టినవాళ్లదే పాపం.

బిల్లు వెనక అక్షరాలు వేసి చూపించాను. బావ పేరు మీదున్న గ మా అక్కలోనూ ఉంది. మేనరికం కదా, భార్యాభర్తలకు ఒక వరస కలవడం మామూలేనని వాళ్లు దాటేశారు. నా పేరు మీదున్న క-ఖలో మా అక్కతో కలిసేది ఒక్కటీ లేదు. నలుగురు తోబుట్టువుల్లో ఒకరికి అలా కావచ్చు, కాబట్టి అదీ దాటిపోయింది. విడివిడిగా రెండూ సాధ్యమే. రెండు ట్యూబులు అటుదిటు చేసి చూస్తే అంతా సరిపోతుంది.

రుజువుకు మళ్లీ జన్యుపరీక్ష అక్కర్లేదు. బావది ఓ పాజిటివ్, నాది బీ పాజిటివ్. ఫ్రిజ్‌లో మిగిలిన రక్తానికి గ్రూపు చూస్తే ఐదు నిమిషాల పని. "మాకలాంటి రూలు లేదు" అంటూ ఐదు రోజులు తిప్పారు. రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, ఒక కాపీ మీద ముద్ర వేయించుకున్నాక చూశారు. బావ పేరున్న ట్యూబులో బీ. ఆ తర్వాత మళ్లీ రక్తం తీశారు, ఈసారి ఒక్కొక్కరినీ పేరు, పుట్టినతేదీ అడిగి మా ఎదుటే లేబుల్ అంటించారు. మీరూ అదే పట్టుబట్టండి. ట్యూబు మీద మీ పేరు చదివాకే కుర్చీలోంచి లేవండి.

తండ్రి రిపోర్టుతో ఏం పని, పిల్లలిద్దరూ కలిశారు కదా అనుకోవచ్చు. ఆ కలయిక వంశపారంపర్యంగా వచ్చిన వరసల వల్లేనని తేల్చేది తల్లిదండ్రుల రిపోర్టులే. మా మేనకోడలు తలసీమియా మైనర్, అంటే లోపమున్న జన్యువు ఒకటే ఉంది, జబ్బు లేదు. అయినా మూలుగ ఇవ్వచ్చు.

డబ్బు సంగతి క్లుప్తంగా. కోల్ ఇండియా నిధులతో 2017లో మొదలైన తలసీమియా బాల సేవా యోజన కింద, కుటుంబంలో కలిసిన దాత ఉంటే, 10 లక్షల దాకా ఇస్తారు. వేలూరు సీఎంసీ ఆస్పత్రి ఆ జాబితాలో ఉంది. పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడి రైలెక్కితే చాలు. ఆదాయ ధ్రువపత్రంలో, ఆధార్‌లో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి.

ఆ కొత్త జీన్ ఎడిటింగ్ చేయించవచ్చు కదా అని బంధువులు అడుగుతున్నారు. క్యాస్‌జెవీ అనే ఆ చికిత్సకు బ్రిటన్‌లో 2023 నవంబరులో, అమెరికాలో తలసీమియాకు 2024 జనవరిలో అనుమతి వచ్చింది. రోగి మూలకణాల్లోనే బీసీఎల్11ఏ జన్యువు స్విచ్చును కత్తిరించి, గర్భంలో ఉన్నప్పటి హిమోగ్లోబిన్‌ను మళ్లీ పుట్టిస్తారు. మందు గొప్పదే. కానీ ఆ అనుమతి 12 ఏళ్లు నిండినవాళ్లకు, అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు, అందులోనూ మూలుగను ఖాళీ చేసే బుసల్ఫాన్ మందు తప్పదు. కలిసిన వాళ్లక్క ఇంట్లో ఉండగా మాకు ఆ దారి అక్కర్లేదు. కాన్పు రోజుల్లో బొడ్డుతాడు రక్తం దాచమని వెంటపడ్డ ఏజెంట్ మాటా చెప్పాలి. పిల్లవాడి సొంత బొడ్డుతాడు రక్తంలోనూ ఇదే లోపం ఉంటుంది, వాడి తలసీమియాకు అది పనికిరాదు.

ఇప్పుడు పని, రక్తం ఎక్కించీ ఎక్కించీ వాడి ఒంట్లో పేరుకున్న ఇనుము తగ్గించడం. కాలేయం రెండు సెంటీమీటర్లకు మించి పెరిగిందా, దానిలో గట్టిదనం వచ్చిందా, ఇనుము దించే మందు సరిగా వాడారా అన్న మూడింటిని బట్టే మార్పిడి ప్రమాదం లెక్కగడతారు. వాడు 17 కిలోలు, డాక్టరు కిలోకు 30 మిల్లీగ్రాముల చొప్పున ఇనుము దించే డెఫెరాసిరాక్స్ 500 రాశారు. నీళ్లలో కరిగించి, తిండికి అరగంట ముందు. మూత్రపిండాలు బాగున్నాయో లేదో చూసే క్రియాటినిన్ పరీక్ష నెలనెలా.

ఈలోగా వాడికి రక్తం తానే ఇస్తానని బావ అంటున్నాడు. వద్దని చెప్పాను. దాతలయ్యే అవకాశమున్న కుటుంబసభ్యుల రక్తం మార్పిడికి ముందు ఎక్కిస్తే, ఒళ్లు దానికి ఎదురుతిరగడం నేర్చుకుంటుంది. బయటివాళ్ల రక్తమే, తెల్లకణాలు వడగట్టి, రేడియేషన్ ఇచ్చిన సంచి కావాలని బ్లడ్‌బ్యాంక్ చీటీ మీద రాయించాలి. బావ అక్కడే ఇంకో పిల్లవాడి పేరు మీద రక్తమిచ్చి వస్తానని ఇవాళ పొద్దున బయల్దేరాడు.