ఇన్సూరెన్స్ ఉన్న క్లైమాక్స్

పాత విద్యార్థుల కలయిక కమిటీ తరఫున బ్యాటరీ ఫోన్ చేసి ఆర్డరేశాడు (ఇక్కడ అందరివీ బడిలో మనం పెట్టుకున్న పేర్లే). "సంచికకి రెండు పేజీలు రాసివ్వు. బడి గురించి రాయి, బెంచీల గురించి రాయి, సార్ల గురించి రాయి. సినిమాల జోలికి మాత్రం పోకు. గ్రూపులో నువ్వు గీతాంజలి మీద పెట్టిన మెసేజ్‌కి మైక్ టెస్టింగ్ ఇంకా నామీద అలిగే ఉన్నాడు." రాసింది నేనైతే అలక వాడి మీదెందుకో అడగలేదు. సరేనన్నాను.

తీరా కూర్చున్నాక తెలిసింది, సినిమాలు తీసేస్తే నాకు బడి అంటూ మిగిలేది చాలా తక్కువని. ఎనిమిదో తరగతి మొత్తం ఎక్కడికి పోయిందో తెలీదు. తొమ్మిదిలో సైన్సు ఎవరు చెప్పారో మీరు చెబితే తప్ప గుర్తురాదు. టెన్త్ పరీక్షల టెన్షన్ గురించి మీరంతా కథలు కథలుగా చెప్పుకుంటారు, నేనూ తలూపుతాను గానీ నా దగ్గర ఒక్క ముక్క లేదు. ఉన్నదల్లా టీవీ గది, దాని వంకర స్టాండు, సోషల్ సారు, శనివారం ఆఖరి పీరియడు. కాబట్టి బ్యాటరీ, క్షమించు.

ఆ పీరియడుకి సారు పేరేమీ పెట్టలేదు. కోర్టు అన్నది మనం. బోనెక్కినవాళ్లు అందరికీ నచ్చిన సినిమా మీద ఎవరికీ నచ్చని మాట ఒకటి చెప్పాలి. సినిమా మొదటినుంచి చివరిదాకా చూసి ఉండాలి. 'బోరు' అన్న మాట వాడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, చెప్పినదానికి సినిమాలోంచే ఆధారం చూపించాలి. సోషల్ చెప్పే మనిషికి ఆధారం పిచ్చి ఉండటంలో వింతేముంది? శాసనం చూపించకుండా రాజుగారి పేరు కూడా చెప్పనిచ్చేవారు కాదు. కోరస్ బెంచి గోల చేసినప్పుడల్లా సుద్దముక్క పైకెత్తి, "చప్పట్లు ఆధారం కాదు. ఈలలు అసలే కాదు" అనేవారు.

మొదట్లో మనం ఎంత ఘోరంగా వాదించేవాళ్లమో తలచుకుంటే నవ్వొస్తుంది. శివలో సైకిల్ చెయిన్ అలా ఊడిరాదని పొట్టి లీడర్ వాదించడం, ఆ తర్వాత సైకిల్ స్టాండు దగ్గర జరిగిన ప్రయోగం, తెల్లచొక్కా, హెచ్చెమ్ గారి ముందు హాజరు, ఇవన్నీ మళ్లీ రాయక్కర్లేదు. సారు తీర్పు మాత్రం రాయాలి. "నువ్వు తెచ్చింది సైకిల్ మీద ఆధారం. సినిమా మీద కాదు. ఆ చెయిన్ ఊడకముందు ఆ కుర్రాడు ఎంతసేపు ఊరుకున్నాడో చెప్పు, అప్పుడు వింటాను." 1989లో వచ్చిన ఆ సినిమా గురించి ఇప్పటికీ అందరూ చెయిన్ దగ్గరే మొదలుపెడతారు. నాకు మాత్రం దానికి ముందున్న ఊరుకోవడమే కనిపిస్తుంది.

దేవదాసు మీద మా వరసలోంచి లేచిన మాట కూడా మంచిదే. 1953 నుంచి అందరూ తాగినవాడి కోసం ఏడుస్తున్నారు, అర్ధరాత్రి ధైర్యం చేసి అతని గదికి వచ్చి అడిగింది పార్వతి కదా, ధైర్యం ఆమెది, పాటలు అతనివి, అని. అబ్బాయిల వరస మొత్తం నిశ్శబ్దం. సారు "ఆధారం ఉంది, కూర్చో" అన్నారు. ఆయన నోట అంతకు మించిన మెచ్చుకోలు ఉండేది కాదు.

ఇక మిస్సమ్మ.

టీవీలో వచ్చిన మర్నాడో ఆ మర్నాడో, నేను లేచి "మిస్సమ్మ క్లైమాక్స్ పిరికిది" అన్నాను. ఏమైందో మీకు తెలుసు. ఘంటసాల, అంటే మన ఘంటసాల, నోట్సు మూసేశాడు. అంబాసిడర్ లేచి నిలబడి మరీ అరిచాడు. సారు బోర్డు మధ్యలో గీత గీసి, ఒకవైపు నా మాట, ఒకవైపు ఖాళీ వదిలి, "చెప్పు" అన్నారు.

చెప్పాను. ఇద్దరు నిరుద్యోగులు. దంపతులైతేనే ఉద్యోగం. ఆమె క్రైస్తవురాలు, అతను హిందువు, పెళ్లి లేదు, ఒకే ఇంట్లో మొగుడూ పెళ్లాల్లా నటించాలి. 1955లో ఆ మాత్రం కథ ఎత్తుకోవడమే గొప్ప. సినిమా పొడుగునా ఆ మతం తేడా అలాగే ఉంటుంది, ఆమె కోపమూ అలాగే ఉంటుంది, అయినా మనసులు దగ్గరవుతాయి. ఇప్పుడెలా తెంచుతారు? ఆమె మారాలా, అతను మారాలా, ఊరు మారాలా? ఎవరూ మారనక్కర్లేదట. ఆమె పాదం మీద పుట్టుమచ్చ ఉందట. చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు కూతురట. మేరీ మహాలక్ష్మి అయిపోయింది, చిక్కు తీరిపోయింది, శుభం కార్డు పడిపోయింది. మేరీ అని పిలిచి పెంచినవాళ్ల సంగతి? తేడా ఉన్నా కలిసి ఉండొచ్చని అంతసేపు చూపించి, చివర్లో అసలు తేడానే లేదు పొమ్మంటే ఎలా?

అంబాసిడర్ వాదన ఒక్కటే: సావిత్రి. మొదట భానుమతి అనుకుని, కొంత షూటింగ్ అయ్యాక సావిత్రికి వచ్చిన వేషమని వాళ్ల నాన్న చెప్పారట. ఆవిడ కళ్లు చూస్తే క్లైమాక్స్ ఎవరికి కావాలన్నాడు. సారు దాన్ని బోర్డు మీద రాయనే లేదు. 'నవ్వించే సినిమాలో నీతులెందుకు' అన్నది రాశారు. 'ఆ రోజుల్లో అంతకన్నా తీయలేరు' అన్నదీ రాసి, దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. గంట కొట్టింది. ఎవరూ లేవలేదు. మామూలుగా ఆఖరి గంటకి మన క్లాసు ఎంత వేగంగా ఖాళీ అయ్యేదో గుర్తుంటే, ఇది ఎంత వింతో తెలుస్తుంది.

అప్పుడు సారు ఖాళీగా వదిలిన వైపు ఒకటే మాట రాశారు: బడి పేరు. "ఆ సినిమాలో వాళ్లు పాఠాలు చెప్పిన బడి ఎవరి పేరు మీద పెట్టారు?" అన్నారు. అందరం మొహాలు చూసుకున్నాం. జమీందారు తప్పిపోయిన కూతురి పేరు మీద. మహాలక్ష్మి పేరు మీద. "అంటే మేరీ ఉద్యోగంలో చేరిందే తన పేరున్న బడిలో. డైరెక్టరు చివర్లో గారడీ చెయ్యలేదు. మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాడు. డిటెక్టివ్ పాదాలు వెతుక్కుంటూ తిరిగినప్పుడల్లా నవ్వారుగా, ఆ నవ్వులోనే దాచాడు. దీన్ని పిరికితనం అంటావా, పనితనం అంటావా?"

అబ్బాయిల వరస బల్లలు విరగ్గొట్టేసింది. నాకు కళ్లలో నీళ్లు వచ్చినట్టున్నాయి, కానీ నోరు ఆగలేదు. "అయితే ఇంకా ఘోరం సార్. చివర్లో భయపడితే పోనీలే అనుకోవచ్చు. వీళ్లు మొదట్లోనే ఇన్సూరెన్స్ చేయించుకుని బయల్దేరారు. ఏ ప్రమాదం రాదని తెలిసే సాహసం చేశారు."

సారు సుద్దముక్క కింద పెట్టేశారు. సరిగ్గా ఆ క్షణంలోనే హెచ్చెమ్ గారు గుమ్మంలో ప్రత్యక్షం. "గంట కొట్టాక కూడా ఏమిటండీ ఇది?" "విచారణ సార్. మిస్సమ్మ." హెచ్చెమ్ గారు బోర్డు రెండువైపులా చదివారు. మనం ఊపిరి బిగబట్టాం. ఆయన ఎంతో సీరియస్‌గా, "నాకు ఆ డిటెక్టివ్ ఒక్కడే నచ్చాడు" అని చెప్పి వెళ్లిపోయారు. ఆధారం అడిగే ధైర్యం సారుకి కూడా లేకపోయింది.

ఆనాటి నుంచి నా పేరు ఏమైందో ఈ సంచిక చదివేవాళ్లకి చెప్పాల్సిన పని లేదు. కాలేజీలో పోయిందనుకున్న ఆ పేరు మళ్లీ ఆఫీసులో తగులుకుంది. తగిలించుకున్నది నేనే. సినిమా తీయబోయేవాళ్లు పంపే స్క్రిప్టులు చదివి, ఎక్కడ నమ్మబుద్ధి కావడం లేదో రిపోర్టు రాయడం నా ఉద్యోగం. నోరు మూసుకోమని మీరంతా బతిమాలిన పనికే ఇప్పుడు నెలనెలా జీతమిస్తున్నారు. 'ఇన్సూరెన్స్ ఉంది' అంటే మా దగ్గర ఇప్పుడు వాడుక మాట. హీరో కష్టపడి తేల్చుకోవాల్సిన చిక్కుని రచయిత వెనకనుంచి తీసిపెట్టేశాడని అర్థం. కొత్తగా చేరిన పిల్లలు ఇది సినిమా స్కూళ్లలో చెప్పే మాట అనుకుంటున్నారు. నేను సరిదిద్దలేదు. నా రిపోర్టు చదివి క్లైమాక్స్ మార్చుకున్న సినిమాలున్నాయి. అందులో ఒకటి మీ అందరికీ నచ్చింది, మైక్ టెస్టింగ్ అయితే స్టేటస్ కూడా పెట్టాడు. పేరు చెప్పను. టైటిల్సులో నా పేరు మీరు లేచి వెళ్లిపోయాక వస్తుంది.

ఈ ఉద్యోగంలో నాకు బాగా పనికొచ్చిన లెక్క ఒకటి టైటానిక్‌ది. మనం విడిపోయాక, 1997లో వచ్చింది. 14 ఆస్కార్ నామినేషన్లు, 11 అవార్డులు. ఆ పద్నాలుగులో స్క్రీన్‌ప్లేకి ఒక్కటీ లేదు. ఓడని నమ్మించినంతగా హీరోయిన్‌కి కుదిర్చిన ఆ పెళ్లికొడుకుని నమ్మించలేకపోయారని నేనంటే కొట్టడానికి వస్తారుగానీ, అవార్డులవాళ్లు నామినేషన్ ఇవ్వకపోవడాన్ని మాత్రం పట్టించుకోరు. ఇక ఓడ మునిగాక నీళ్లలో తేలిన ఆ చెక్క మీద హీరో హీరోయిన్లు ఇద్దరూ పట్టేవాళ్లా లేదా అన్న గొడవ. దర్శకుడు కామెరూన్ కూడా పాపం విసిగిపోయి నిపుణుల్ని పెట్టి ప్రయోగాలు చేయించి 2023లో చూపించాడు. పొట్టి లీడర్ సైకిల్ స్టాండులో చేసింది ఇదే కదా. ఇది చెక్క మీద ఆధారం. సినిమా మీద కాదు.

షోలే సంగతి ఇంకో రకం. 1975లో విడుదలైనప్పుడు సెన్సారువాళ్లు ఒప్పుకోక ముగింపు మార్పించారు. దర్శకుడు మొదట తీసినదాంట్లో ఠాకూర్ మేకుల చెప్పులతో గబ్బర్‌ని చంపేస్తాడు. మనం చూసినదాంట్లో ఆఖరి నిమిషంలో పోలీసులొచ్చి ఆపుతారు. 2025లో పాత ముగింపుతో బాగుచేసిన ప్రింటుని ఇటలీలోని బొలోన్యాలో వేస్తే అందరూ పండగ చేసుకున్నారు. నా మాట అడిగితే, సెన్సారు ముగింపే బాగుంది. సెన్సారు మీద నాకు ప్రేమేమీ లేదు. ఠాకూర్ ఒకప్పటి పోలీసు. చట్టాన్ని నమ్ముకుని గబ్బర్‌ని జైల్లో పెట్టాడు, దానికి కుటుంబాన్నీ రెండు చేతుల్నీ పోగొట్టుకున్నాడు. అలాంటివాడి ఎదుటికి మళ్లీ అదే చట్టం వచ్చి, చేతికి అందినవాణ్ణి వదిలిపెట్టమంటుంది. చంపేస్తే కోపం చల్లారేది. ఆగాడు కాబట్టి ఆ మనిషికి ఏమీ మిగల్లేదు. బలవంతంగా అతికించిన ముగింపు కథకి ఇంకో లోతు ఇవ్వడం నేను చూసింది అక్కడే. ఫోన్లో సారుకి ఇది చెబితే కాసేపు ఆగి, "ఆధారం సగం ఉంది" అన్నారు. మిగతా సగం ఏమిటో చెప్పలేదు.

ఈ మధ్య మా అమ్మాయి మాయాబజార్ చూసి, లక్ష్మణకుమారుడు ఏం తప్పు చేశాడని అడిగింది. సంబంధం కుదిర్చింది పెద్దలు, పీటల మీద కాలు తొక్కించుకుని, పులిని చూసి అరిచి, అందరిచేతా నవ్వించుకున్నది మాత్రం ఇతను. రేలంగిని చూసి పగలబడి నవ్విన వెంటనే అడిగింది ఈ మాట. నోటిదాకా వచ్చిన జవాబు మింగి ఆధారం అడిగాను. సీను పేరు, ఎవరి తర్వాత ఎవరు వస్తారో వరసగా అప్పజెప్పింది. ఆడంబరం తప్ప అతనిలో చెడు చూపించలేదు కదా అంది. ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను.

అసలు గొడవ సారుతోనే ఉంది, అది చెప్పి ముగిస్తాను. శంకరాభరణం కన్నా సాగర సంగమం గొప్పదని ఆయన అన్నప్పుడు ఘంటసాల మూడు శనివారాలు కోర్టుకి రాలేదు. నేను సారు పక్షమే. శంకరశాస్త్రి ఎక్కడా తప్పడు, లోకం తప్పుతుంది. సాగర సంగమంలో బాలు తానే పడిపోయినవాడు. పైగా శాస్త్రీయ సంగీతం ఏమైపోతుందోనని దిగులుపడిన శంకరాభరణంలో శంకరశాస్త్రి పాటలు పద్ధతిగా సంగీతం నేర్చుకోని బాలసుబ్రహ్మణ్యం గొంతులోంచి వచ్చాయి, ఆయనకి మొదటి జాతీయ అవార్డూ తెచ్చాయి. ఘంటసాలా, దీనికి జవాబు నువ్వింకా బాకీ.

కానీ సారు ఆధారం రూలు ఎక్కడ పట్టారో నాకు తర్వాత తెలిసింది. సాగర సంగమంలో బాలు ఒక అమ్మాయి నాట్యాన్ని తప్పుపడుతూ పత్రికలో రాస్తాడు. నీకేం తెలుసని గొడవకొస్తే పత్రికాఫీసులోనే ఆ పదాన్ని రకరకాల పద్ధతుల్లో ఆడి చూపిస్తాడు. ఆ సీను దగ్గర సారు ఎప్పుడూ కళ్లద్దాలు తుడుచుకునేవారు. 1983 నుంచి అందరూ చప్పట్లు కొడుతున్న సీను అది. నాకు నచ్చదు. విమర్శించినవాడు ఆడి చూపిస్తేనే మాట చెల్లుతుందంటే, ఆడలేనివాడు తప్పు పట్టకూడదనేగా? బాలు కమల్ హాసన్ కాకుండా మామూలు గుమాస్తా అయ్యుంటే, అతను రాసింది అబద్ధమైపోయేదా? ఆ అమ్మాయి ఆడిందాంట్లోంచే తప్పు చూపించి ఉంటే చాలు. సారు మనకి నేర్పింది కూడా అదే. ఆయన రూలు ప్రకారమే ఆయనకిష్టమైన సీను ఓడిపోతుంది. స్క్రిప్టు ఒక్క పేజీ కూడా రాయడం చేతగాని నేను స్క్రిప్టుల మీద బతుకుతున్నాను కాబట్టి ఈ కేసు నా సొంత కేసు కూడా.

సారు వస్తున్నారని కమిటీ చెబుతోంది. సన్మానం, శాలువా, ప్రసంగాలు అయ్యాక ఒక్క గంట ఖాళీ ఉంచండి. బోర్డు, సుద్దముక్క చాలు, మైకు అక్కర్లేదు. సెల్‌లో ఆ సీను సిద్ధంగా పెట్టుకునే వస్తాను. అంబాసిడర్ ఎటూ సారు వైపే నిలబడతాడు, కానీ ఈసారి సావిత్రి సాయం ఉండదు. టైటానిక్ చెక్క గురించి మాట్లాడాలనుకునేవాళ్లకి బ్యాటరీ వేరే గది చూస్తాడు.